ప్రజాధన పరిరక్షకుడు ఫిరోజు గాంధీ

రాజోద్యోగులు కోశధనమును హరించు మార్గములను కౌటిల్యుడు అర్థశాస్త్రమున 40 విధములుగా లెక్కించి చూపెను. పూర్వకాలమున ఆ మార్గములను కనిపెట్టి దోషులను దండించు భారము రాజుది. ప్రజాప్రభుత్వమున ప్రజలే రాజులు. కాని కోట్లకొలది జనులు కొలువుతీర్చి లెక్కలడుగజాలరు గనుక తమ ప్రతినిధులను సభలకు పంపుదురు. అట్లు పోయినవారిలో పెక్కుమంది తమ పక్షము తెచ్చిన బిల్లునకు చేయెత్తుటతో ధర్మము తీరినదని తలంతురు. ప్రభుత్వము చేసిన వ్యయమునకు హేతువేమి, మంత్రి చెప్పినది పూర్ణసత్యమా, మరుగుపడిన దేమైన నున్నదా యని అడుగుటయే ప్రతినిధికి ప్రథమధర్మమని యెరిగి, ఆ ధర్మమును తన పక్షము విషయమునను, తన బంధువుల విషయమునను, తన కులమువారి విషయమునను భేదము లేక నడపిన మహనీయు డొకడు స్వతంత్ర భారతదేశపు తొలి దశాబ్దిలో మన లోకసభయందుండెను. ఆయనయే ఫిరోజు గాంధీ.

నేటి యువకులు ఆయనను ఒక ప్రధానమంత్రికి అల్లునిగను, మరియొక ప్రధానమంత్రికి భర్తగను, వేరొక ప్రధానమంత్రికి తండ్రిగను మాత్రమే యెరుగుదురు. ఆ బాంధవ్యములకు చెందక, ఆయన స్వప్రయత్నమున సంపాదించుకొనిన కీర్తి వేరొకటి కలదు. దానిని చదువరులకు సంగ్రహముగా విన్నవింతును.

ఫిరోజు 1912వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన బొంబాయి నగరమున పారసీ కుటుంబమున జన్మించెను. తండ్రి ఫరీదూన్ జహంగీరు, తల్లి రతీమాయి. తండ్రి నావలకు సంబంధించిన యంత్రశిల్పి. ఐదుగురు సంతానములో ఫిరోజు కడపటివాడు. వారి యింటిపేరు మహాత్ముని యింటిపేరును పోలియున్నను ఉభయులకును బంధుత్వ మెంతమాత్రమును లేదు. బాల్యముననే తండ్రి గతించుటచే కుటుంబము అలహాబాదునకు, అనగా నేటి ప్రయాగరాజునకు, చేరెను. అచ్చట తల్లి సహోదరి లేడీ డఫరిన్ ఆసుపత్రియందు శస్త్రవైద్యురాలుగా నుండెను. ఆమె యాశ్రయమున బాలుడు పెరిగి ఈవింగు క్రిస్టియను కళాశాలలో ప్రవేశించెను.

1930లో ఆ కళాశాల యెదుట కాంగ్రెసు స్త్రీలు పికెటింగు జరుపుచుండగా వారి నాయకురాలగు కమలా నెహ్రూ ఎండవేడిమికి సొమ్మసిల్లి పడిపోయెను. విద్యార్థియగు ఫిరోజు పరుగున పోయి ఆమెకు పరిచర్య చేసెను. ఆ సంవత్సరముననే చదువు విడిచి స్వాతంత్ర్యోద్యమమున చేరి, కారాగృహవాసము చేసెను. ఫైజాబాదు చెరసాలలో లాల్ బహదూరు శాస్త్రి ఆయనకు సహవాసి. పిమ్మట లండను నగరమున అర్థశాస్త్ర విద్యాలయమున చదివెను. 1942 మార్చి 26వ తేదీన అలహాబాదులోని ఆనందభవనమున కమలా నెహ్రూ కుమార్తె ఇందిరతో ఆయనకు వివాహమయ్యెను. ఆ యేడు క్విట్ ఇండియా ఉద్యమమున దంపతులిరువురును చెరసాల పాలైరి. అనంతరము ఆయన లక్నోలో నేషనల్ హెరాల్డు పత్రికకు కార్యనిర్వాహక సంచాలకుడై, వార్తాపత్రికల కష్టసుఖములను స్వయముగా తెలిసికొనెను. 1952లో జరిగిన ప్రథమ సార్వత్రిక నిర్వాచనములందు రాయబరేలీ ప్రాంతమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. 1957లో మరల అచ్చటినుండియే జయము పొందెను.

సభలో ఆయన మొదట బహుకాలము మాటలాడలేదు. ప్రధానమంత్రికి అల్లుడగుటచే ఆయన మౌనమును ఎవరును వింతగా చూడలేదు. కాని 1955 డిసెంబరు 6వ తేదీన బీమా చట్ట సవరణను గూర్చిన చర్చలో ఆయన లేచి, రామకృష్ణ డాల్మియా యను గొప్ప వ్యాపారి తన యధీనములోని భారత్ ఇన్స్యూరెన్సు కంపెనీ ధనమును ఏ విధముగా స్వప్రయోజనములకు మరలించెనో అంకెలతో నిరూపించెను. బీమా ధనమనగా నెవరిది? గుమాస్తాయు, బడిపంతులును, చిన్న వర్తకుడును తమ యనంతరము భార్యాబిడ్డలు వీధి పాలు గాకుండుటకై కూడబెట్టి కట్టిన ధనము. ఆ సొమ్ముతో ఆటలాడుట విధవల యన్నమును హరించుటతో సమానము. డాల్మియా తరువాత న్యాయస్థానమున శిక్షితుడయ్యెను. 1956 జనవరి మాసమున ప్రభుత్వము జీవిత బీమా వ్యాపారమును జాతీయము చేసెను. 245 బీమా కంపెనీలును, ప్రావిడెంటు సంఘములును ఏకమై, 1956 సెప్టెంబరు 1వ తేదీన జీవిత బీమా సంస్థ యేర్పడెను.

ఈ చర్చవలన ఫిరోజునకు మరియొక లోపము గోచరించెను. సభలో సభ్యుడు పలికిన పలుకునకు రాజ్యాంగములోని 105వ అధికరణము రక్షణ నిచ్చుచున్నది. ఆ పలుకునే పత్రిక ప్రకటించినచో పత్రికాధిపతిపై పరువునష్టపు దావా వేయవచ్చును. అట్లయిన సభలో జరిగినది సభ గోడలు దాటి ప్రజల చెవిని బడుట యెట్లు? ప్రతినిధి యడిగిన ప్రశ్న ప్రజలకు వినబడనిచో అడిగియు నడుగనట్లే. కావున ఆయన ప్రభుత్వపక్షమున గాక, సాధారణ సభ్యునిగా స్వయముగా నొక బిల్లు తెచ్చెను. ఉభయసభల కార్యక్రమములను దుర్బుద్ధి లేక, సారాంశమున సత్యముగా, ప్రజాహితమునకై ప్రకటించిన పత్రికపై సివిలు గాని క్రిమినలు గాని వ్యవహారము నడువరాదని దాని యభిప్రాయము. 1956లో అది చట్టమయ్యెను. సాధారణ సభ్యుల బిల్లులు చట్టములగుట మిక్కిలి యరుదు. 1970 తరువాత అట్టి దొక్కటియు చట్టము కాలేదన్న ఈ కార్యము యొక్క కష్టము తెలియగలదు.

అంతట ఆయన జీవితమున ప్రధానఘట్టము సంభవించెను. 1957 జూను మాసమున జీవిత బీమా సంస్థ, కలకత్తా వ్యాపారియగు హరిదాసు ముంద్రా చేతిలోనున్న ఆరు కంపెనీల వాటాలను సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలకు కొనెను. ఆ కంపెనీలలో కొన్ని అప్పటికే దుర్దశలో నుండెను. ధనమును ఎచ్చట పెట్టుబడి పెట్టవలయునో ఆలోచన చెప్పుటకు సంస్థలో నొక సంఘము కలదు. కొనుగోలునకు ముందు ఆ సంఘమును సంప్రదింపలేదు. ఈ వార్త పత్రికలలో పొక్కెను. సెప్టెంబరులో సభ్యులు ప్రశ్నింపగా వచ్చిన సమాధానము పూర్ణసత్యమును వెల్లడింపలేదు. నవంబరులో మరల ప్రశ్నలు వచ్చెను. డిసెంబరు 16వ తేదీన ఫిరోజు గాంధీ ఆ విషయమును చర్చకు తెచ్చెను.

ఆ దినమున ఆయన స్థితిని చదువరులు ఊహింతురు గాక. నిందకు పాత్రమైనది తన పక్షపు ప్రభుత్వమే. సమాధానము చెప్పవలసిన ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారి ప్రధానమంత్రికి మిక్కిలి ఆప్తుడు. ఆ ప్రధానమంత్రి తన మామగారు. ఊరకున్నచో ఎవరును తప్పుపట్టరు; మాటలాడినచో ఇంటను బయటను చిక్కులు తప్పవు. అయినను ఆయన పార్లమెంటు తాను సృష్టించిన సంస్థను తానే కాచుకొనవలెనను ధర్మమును ముందిడుకొని, వాటాల ధరలను, క్రయము జరిగిన దినములను వరుసగా చదివి, బజారు ధరకంటె హెచ్చు వెలలు చెల్లించిన సందర్భములను వివరించెను. దూషణ లేదు, ఆడంబరము లేదు. లెక్కలే మాటలాడెను.

ఆ కాలమున లోకసభకు అధ్యక్షుడు తిరుచానూరు వాస్తవ్యుడగు మాడభూషి అనంతశయనం అయ్యంగారు. 1950లో ప్రభుత్వ వ్యయమును పరిశీలించుటకు అంచనాల సంఘ మేర్పడినపుడు దానికి ప్రథమాధ్యక్షుడుగా నుండినవాడు ఆయనయే. అధికారపక్ష సభ్యుడే అధికారమును నిలదీసిన యా చర్చ, మన తెలుగుదేశపు పెద్ద అధ్యక్షపీఠమున నున్న కాలమున జరుగుట మనకు స్మరణీయము.

సభలోని యాగ్రహమును చూచి ప్రభుత్వము విచారణకు సమ్మతించెను. 1958 జనవరిలో బొంబాయి ఉన్నత న్యాయస్థాన ప్రధాన న్యాయమూర్తి యగు ఎం. సి. చాగ్లా ఏకసభ్య సంఘముగా నియమింపబడెను. ఆయన విచారణను తలుపులు మూసికొని జరుపక, బొంబాయిలో బహిరంగముగా నడపెను. జనసమ్మర్ద మధికమగుటచే లోపలి మాటలు వెలుపలివారికి వినబడునట్లు ధ్వనివర్ధక యంత్రములు అమర్చవలసి వచ్చెను. మంత్రియు, కార్యదర్శియు, సంస్థాధ్యక్షుడును సాక్ష్యమిచ్చిరి. ఫిబ్రవరి 10వ తేదీననే నివేదిక సిద్ధమయ్యెను. బజారును నిలువబెట్టుటకే వాటాలు కొంటిమను సమాధానమును న్యాయమూర్తి విశ్వసింపలేదు. మంత్రి స్వయముగా లాభము పొందెనని ఆయన చెప్పలేదు; కాని కార్యదర్శి చేసిన పనికి మంత్రియే పార్లమెంటునకు ఉత్తరవాది యని నిర్ణయించెను. మంత్రులు సర్వవిషయములను ఆదిలోనే పార్లమెంటు ముందుంచవలెననియు, వేరొక మార్గమున ఆ సంగతులు సభకు తెలియుట ప్రభుత్వమునకు అవమానకరమనియు, స్వయంప్రతిపత్తి గల సంస్థలకు ప్రభుత్వ మాజ్ఞ యీయదలచినచో వ్రాతమూలముగా నీయవలెననియు ఆయన హెచ్చరించెను.

కృష్ణమాచారి పదవికి రాజీనామా యిచ్చెను. ఆ సంవత్సరపు ఆయవ్యయ పట్టికను ఫిబ్రవరి 28వ తేదీన ప్రధానమంత్రి నెహ్రూయే సభలో ప్రవేశపెట్టవలసివచ్చెను. మంత్రి తన శాఖలోని లోపమునకు తానే బాధ్యుడగుట యను నియమమునకు ఇది రెండవ గొప్ప యుదాహరణము. 1956లో మహబూబునగరమువద్ద రైలు ప్రమాదము జరిగినపుడు రైల్వేమంత్రి లాల్ బహదూరు శాస్త్రి రాజీనామా యీయబోగా అంగీకరింపబడలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదము పిమ్మట ఆయన పదవి విడిచెను. శాస్త్రి తనంత తాను నియమమును పాటించెను. అతని చెరసాల మిత్రుడగు ఫిరోజు, పాటింపనివారిచే దానిని పాటింపజేసెను.

స్వపక్షమును ప్రశ్నించినవాడు స్వకులమును విడిచిపెట్టునేమో యని సందేహించువారికి మరియొక నిదర్శనము కలదు. టాటావారి టెల్కో కర్మాగారము రైలు ఇంజనులను తయారుచేసి ప్రభుత్వమున కమ్ముచుండెను. జపానుదేశపు ఇంజను వెలతో పోల్చిన దాని వెల యించుమించు రెండింతలుగా నుండెను. టాటాలు పారసీలు, ఆ కులమునకు శిరోభూషణము వంటివారు. ఫిరోజును పారసీ. అయినను ఆయన ఆ వెలలను సభలో ప్రశ్నించి, కర్మాగారమును జాతీయము చేయవలెనని కోరెను. పారసీలలో కలకలము పుట్టెను. ఆయన చలింపలేదు. కులమువాడు గనుక దోషమును కప్పిపుచ్చుట కులమునకు మేలుచేయుట కాదని ఆయన నడవడి తెలుపుచున్నది. కప్పిన దోషము పెరిగి వంశమునకంతకు మచ్చ తెచ్చును. సకాలమున వెలిబుచ్చిన దోషము దిద్దుకొనుటకు వీలగును.

1958లో ఆయనకు గుండెజబ్బు తగిలెను. మరల ఆ వ్యాధి తిరుగబెట్టి, 1960 సెప్టెంబరు 8వ తేదీన ఢిల్లీలోని విల్లింగ్డను ఆసుపత్రిలో, నలువదియెనిమిదేండ్లు నిండుటకు నాలుగు దినములుండగనే పరమపదించెను. ఆ వైద్యాలయము నేడు రామమనోహర లోహియా పేర పరగుచున్నది. ఆయన చితాభస్మములో కొంత అలహాబాదులోని పారసీ శ్మశానమున నిక్షిప్తమయ్యెను.

ఆయన తెచ్చిన చట్టమునకు తరువాత పట్టిన గతిని గూడ తెలుపక తప్పదు. 1975లో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడిన పిమ్మట, ఆయన భార్య ప్రధానమంత్రిగా నున్న కాలముననే, ఆ చట్టము మొదట ఆర్డినెన్సు ద్వారమునను, 1976లో శాసనము ద్వారమునను రద్దయ్యెను. 1977లో క్రొత్త ప్రభుత్వము దానిని పునరుద్ధరించెను. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణము 361-ఎ అధికరణమును చేర్చి, ఆ రక్షణను రాష్ట్ర శాసనసభల వార్తలకు గూడ వ్యాపింపజేసెను. ఒక సామాన్య సభ్యుడు నాటిన మొక్క నరకబడియు మరల చిగిర్చి, రాజ్యాంగమున వేరూనెను. శాసనములు తమంత తాము నిలువజాలవనియు, వానిని కోరుకొను జనులున్నంతకాలమే నిలుచుననియు దీనివలన మనము గ్రహింపవలెను.

నలుగురి సొమ్ము చేతబట్టినవాడు ఎంత సజ్జనుడైనను లెక్క చెప్పవలసినవాడే. లెక్క యడుగువానిని శత్రువుగా చూచు సభ చిరకాలము వర్ధిల్లదు. అడుగువాడు వెలుపలివాడైన ద్వేషమందురు; లోపలివాడైన ద్రోహమందురు. ఫిరోజు గాంధీ ఆ రెండవ నిందను నవ్వుచు భరించి, తన పక్షమునకును తన దేశమునకును ఏకకాలమున సేవ చేసెను. అట్టి సభ్యులు మన శాసనసభలందు పెక్కండ్రు జన్మింతురు గాక!