విజయనగరం విజ్జీ – పదవి, సేవ

సాయంకాలమైతే మన తుమ్మలపల్లెలో పంట తీసిన చేలలో పిల్లలు క్రికెట్టు ఆడుతూ ఉంటారు. ఆ ఆట మన దేశంలో నిలదొక్కుకోవడానికి ధనమూ, కాలమూ వెచ్చించినవారిలో ఒక తెలుగు రాజకుమారుడున్నారన్న సంగతి మనలో అనేకులకు తెలియదు. సంఘాలలో, కమిటీలలో బాధ్యతలు వహించే మనకు ఆయన జీవితం ఒక హెచ్చరిక, ఒక ఆదరణ కూడాను.

ఆయన పూసపాటి విజయ ఆనంద గజపతిరాజు. లోకమంతా విజ్జీ అని పిలిచింది. 1905 డిసెంబరు 28న విజయనగర రాజవంశంలో రెండవ కుమారుడిగా జన్మించారు. రెండవవాడు కనుక గద్దె దక్కలేదు. మహారాజకుమార్ అన్న బిరుదు మాత్రమే మిగిలింది. అజ్మీరులోను, ఇంగ్లండులోను చదువుకొని, తమ వంశానికి ఆస్తులున్న కాశీలో స్థిరపడ్డారు. 1926లో సొంత జట్టును కూర్చి, భవనం వద్దనే ఆటస్థలం ఏర్పాటు చేశారు. శాసనోల్లంఘన ఉద్యమం కారణంగా 1930-31లో ఇంగ్లండు జట్టు రాక ఆగిపోగా, హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మేటి ఆటగాళ్ళను తామే రప్పించి దేశంలోను, సింహళంలోను ఆడించారు.

ఇంతవరకు మెచ్చదగినదే. కాని ఇచ్చిన చేయి పీఠాన్ని కూడా కోరింది. 1932 ఇంగ్లండు యాత్ర నిమిత్తం క్రికెట్ బోర్డుకు భారీ విరాళమిచ్చారు. జట్టులో ఉప నాయకుని తరువాతి స్థానం లభించింది. అయితే ఆ యాత్రకు వెళ్ళకుండా విరమించుకున్నారు. 1936లో నాయకత్వమే చేజిక్కింది. తమకంటె ఎన్నో రెట్లు గొప్ప ఆటగాడు, మన తెలుగు బిడ్డ సి.కె. నాయుడు ఆ జట్టులోనే ఉన్నారు. విజ్జీ మూడు టెస్టులలో చేసిన పరుగులు 33. జట్టు కక్షలతో చీలిపోయింది. మొదటి టెస్టుకు ముందే లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట ఇంటికి పంపివేశారు. మూడింట రెండు టెస్టులు ఓడిపోయారు. ఆ యాత్రలో ఉండగానే ఆయనకు సర్ బిరుదు వచ్చింది. తరువాత విచారణ జరిపిన బోమాంట్ కమిటీ మాత్రం ఆయన నాయకత్వాన్ని తప్పుపట్టింది.

అక్కడితో కథ ముగిసి ఉంటే ఆయనను గూర్చి వ్రాయవలసిన పని లేదు. 1947లో సర్ బిరుదును వదులుకున్నారు. ఉత్తరప్రదేశ్‌లో క్రికెట్టును పెంపొందించడానికి శ్రమించారు. 1954లో భారత క్రికెట్ బోర్డు అధ్యక్షులయ్యారు. ఆ కాలంలోనే పాకిస్తాన్ వెళ్ళిన జట్టుకు మేనేజరు ఎవరనుకున్నారు? ఒకనాడు ఇంటికి పంపబడిన అమర్‌నాథే! 1956-57లో 61 ఏండ్ల నాయుడుగారు ఉత్తరప్రదేశ్ జట్టు నాయకుడిగా రంజీ పోటీలలో దిగడం వెనుక కూడా విజ్జీ ప్రోత్సాహమున్నది. ఒకప్పుడు తాము ఆక్రమించిన స్థానంలో ఆ పెద్దాయనను చూచుకున్నారన్నమాట.

1958లో పద్మభూషణ్ లభించింది. 1962లో విశాఖపట్నం ప్రజలు కాంగ్రెసు పక్షాన ఆయనను లోక్‌సభకు పంపారు. సభ్యులుగా ఉండగానే 1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూశారు.

నేడు ఆయన నాయకత్వాన్ని గుర్తుచేసుకొని గర్వించేవారు లేరు. విశ్వవిద్యాలయ విద్యార్థుల క్రికెట్ పోటీకి పెట్టిన విజ్జీ ట్రోఫీలో ఆయన పేరు నిలిచింది. కానుక ఇచ్చినవారికి కుర్చీ ఇవ్వాలన్న తలంపు మన సంఘాలలోనూ అప్పుడప్పుడు తలయెత్తుతుంది. ఇచ్చేవారిని గౌరవిద్దాం, పనిని మాత్రం పని తెలిసినవారి చేతికే అప్పగిద్దాం. ఒకసారి తప్పటడుగు వేసినవారికి తిరిగి సేవచేసే త్రోవ కూడా మూసివేయక ఉందాం.