ముప్పై మూడు పేజీల ఉత్తరం

యర్రగొండపాలెం చుట్టుపక్కల పల్లెల నుంచి ఓపీకి వచ్చే తల్లుల్లో కొందరు బిడ్డ సంగతి చెప్పకముందే తమ తప్పు ఒప్పుకొంటారు. ఫోన్ ఎక్కువ చూపించామని, మిరప కోతలకు పోయి బిడ్డతో సరిగా మాట్లాడలేదని. బిడ్డకు మూడేళ్లు నిండినా మాటలు రాలేదు, పిలిస్తే తిరిగి చూడడు, బొమ్మ బండి చక్రం తిప్పుతూ గంటలు గడిపేస్తాడు. ఇంట్లో పెద్దవాళ్లు, ఇరుగుపొరుగు అప్పటికే తల్లిదే తప్పని తేల్చేసి ఉంటారు. ఈ నింద మన ఊళ్లలో పుట్టింది కాదు. ఒకప్పుడు మా డాక్టర్లే వేశారు. అందుకే ఈ వారం మీకు లియో కానర్ కథ చెబుతున్నాను.

కానర్ 1894లో ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న ఒక పల్లెలో యూదు కుటుంబంలో పుట్టారు. కవి కావాలనుకున్నారు, కుదరలేదు. బెర్లిన్‌లో వైద్యం చదివి 1924లో అమెరికా వెళ్లారు. 1930లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్య విభాగం మొదలుపెట్టారు. హిట్లర్ కాలంలో చాలామంది యూదు వైద్యులు ప్రాణాలతో అమెరికా చేరడానికి సాయపడ్డారు కూడా.

1938లో ఆయనకు ఒక ఉత్తరం వచ్చింది. రాసింది మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరి లాయరు. టైపు చేసిన 33 పేజీల్లో తన ఐదేళ్ల కొడుకు డొనాల్డ్ ఏం తింటాడో, ఏం తిప్పుతాడో, దేనికి ఏడుస్తాడో, ఏ మాటను ఎలా వాడతాడో అన్నీ రాశారు. అంతకుముందు డాక్టర్ల సలహాతో ఆ పిల్లవాణ్ని ఒక సంస్థలో వదిలేశారు. ఏడాది తర్వాత తల్లిదండ్రులు మనసు ఒప్పక ఇంటికి తెచ్చుకున్నారు. ఆ తర్వాత కూడా తల్లి ఏళ్ల తరబడి కానర్‌కు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. 1943లో కానర్ 11 మంది పిల్లల గురించి ప్రచురించిన వ్యాసంతోనే ఆటిజం అనే స్థితికి ప్రపంచంలో గుర్తింపు వచ్చింది. అందులో మొదటి కేసు డొనాల్డ్‌దే. నిజానికి మాస్కోలో సుఖరేవా అనే వైద్యురాలు 1925లోనే ఇలాంటి పిల్లల గురించి రాశారు, కానీ పట్టించుకున్నవారు తక్కువ. కానర్ వ్యాసంలో సగం బలం కన్నవాళ్లు చూసి రాసిందే అని నా అభిప్రాయం. పది నిమిషాల ఓపీలో మాకు అంత కనబడదు.

ఆ వ్యాసం చివర్లో ఇది పుట్టుకతో వచ్చేదేనని కానర్ రాశారు. అక్కడే ఆగి ఉంటే బాగుండేది. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని కూడా గమనించినట్టు రాశారు. తర్వాతి ఏళ్లలో ఆ మాటే పెద్దదైంది. మంచుగడ్డలాంటి తల్లుల వల్లే పిల్లలు ఇలా అవుతారన్న సిద్ధాంతం పుస్తకాలకెక్కింది. ఎందరో తల్లులు బిడ్డ బాధతో పాటు ఈ నిందనూ మోశారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు, ఆయనా ఒక ఆటిజం పిల్లవాడి తండ్రే, కారణం మెదడులో ఉందని పుస్తకం రాశారు. దానికి ముందుమాట రాసింది కానరే. 1969లో తల్లిదండ్రుల సంఘం సభలో ఆయన లేచి, మీ మీద ఏ నేరమూ లేదని అందరి ముందూ ప్రకటించారు. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు. ఇరవై ఏళ్లు ఆలస్యమైందని మీరనవచ్చు. నేనూ అంటాను.

నేనూ ఒక తప్పు చేశాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, మాటలు రాని రెండున్నరేళ్ల పిల్లవాణ్ని చూపిస్తే, మగపిల్లలకు ఆలస్యంగా వస్తాయిలే అని పంపేశాను. ఆ తల్లి మళ్లీ వచ్చేసరికి వాడికి ఐదేళ్లు. ఆమె నన్నేమీ అనలేదు.

డొనాల్డ్ సంగతికి వస్తాను, మన రైతు కుటుంబాలు వినవలసింది అదే. చిన్నతనంలోనే అతణ్ని కొంతకాలం ఊరికి దూరంగా ఒక రైతు దంపతుల ఇంట్లో ఉంచారు. అతనికి కొలతల పిచ్చి. ఆ రైతు వద్దనలేదు, బావి తవ్వించి లోతు ఎంతో కొలిచి చెప్పమన్నాడు. లెక్కపెట్టే అలవాటు ఉంటే, మొక్కజొన్న సాళ్లు దున్నుతూ లెక్కపెట్టమన్నాడు. చచ్చిన పక్షులను ఏరి తెస్తుంటే, పొలంలో ఒక మూల శ్మశానంగా ఇచ్చాడు. 1945లో కానర్ స్వయంగా వెళ్లి చూశారు. ఆ పిల్లవాడు గుర్రాన్ని తిప్పుకుంటూ చక్కగా దున్నుతున్నాడు. ఊరి బడి కూడా అతని తీరును అలాగే ఒప్పుకుంది. తర్వాత డొనాల్డ్ డిగ్రీ చదివి, సొంత ఊళ్లోనే బ్యాంకులో పనిచేశాడు, గోల్ఫ్ ఆడాడు, దేశాలు తిరిగాడు. 2023లో 89వ ఏట చనిపోయాడు.

1971లో కానర్ ఆ 11 మంది ఏమయ్యారో వెతికించారు. ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో వదిలేసినవాళ్లు ఉన్న కాస్త తెలివితేటలూ పోగొట్టుకున్నారు. బయట మనుషుల మధ్య ఉన్నవాళ్లలో డొనాల్డ్ కాక మరొకరు ఆఫీసులో కాపీలు తీసే యంత్రం దగ్గర ఉద్యోగం చేస్తున్నారు. కానర్ 1981లో కన్నుమూశారు.

మన దగ్గర సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ, ఇప్పుడు దాన్ని నీపిడ్ అంటున్నారు, భారతీయ పిల్లల కోసం 40 అంశాలతో ఒక కొలమానం తయారుచేసింది. దాన్నే ఇసా అంటారు. ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు దీన్నే వాడతారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం కూడా ఉంది కాబట్టి, ఆ పేరుతో బడి మీ బిడ్డను చేర్చుకోననడానికి వీల్లేదు. భవిత కేంద్రంలో టీచరును కలవండి. ఆసుపత్రికి వచ్చేముందు వారం రోజుల పాటు బిడ్డ ఏం చేస్తున్నాడో ఒక నోటు పుస్తకంలో రాసుకు రండి. రాయడం రాకపోతే ఫోన్‌లో వీడియో తీసి తెచ్చినా చాలు.