సర్ జేమ్సు మెకంజీ

హృద్రోగ వైద్యులలో ప్రసిద్ధుడగు సర్ జేమ్సు మెకంజీగారి జీవితమును విద్యార్థుల కొఱకు మేమిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆయన 1853వ సంవత్సరమున స్కాట్లండు దేశమందలి స్కోన్ గ్రామప్రాంతమున నొక రైతు కుటుంబమున జన్మించెను. చిన్నతనముననే బడి విడిచి మందుల అంగడిలో పని నేర్చెను. పిదప ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించి 1878లో పట్టము పొందెను.

మఱుసటి యేట ఇంగ్లండునందు బట్టల మిల్లులుగల బర్న్‌లీ పట్టణమున వైద్యవృత్తి నారంభించెను. అచట హృద్రోగముగల యొక గర్భిణి ప్రసవవేళ ఆయన యెదుటనే మరణించెను. ఆ యపాయమును ముందుగా గ్రహింపలేకపోతినను బాధ ఆయనను విడువలేదు. గ్రంథములందు సమాధానము దొరకనందున తన రోగులనే ఏండ్లతరబడి పరీక్షించి, కనుగొన్నదెల్ల వ్రాసియుంచెను. మణికట్టునందలి నాడిని, కంఠమునందలి సిరయొక్క చలనమును ఏకకాలమున కాగితముపై సిరాతో గీయు యంత్రమును ఒక గడియారముల పనివాని సాయమున చేయించెను. నాడి తప్పుట యెల్లప్పుడును ప్రాణాపాయసూచకము కాదనియు, అట్టివారిలో ననేకులు భయముతో మంచము పట్టియుండ నక్కఱలేదనియు బోధించెను. ఈ విషయములను 1902లో నాడిని గూర్చిన గ్రంథముగా ప్రకటించెను.

1907లో లండనునకు వెడలెను. 1915లో సర్ బిరుదము లభించెను. తనకే హృద్రోగము ప్రాప్తించినను, ఆ బాధనుసైతము పరిశీలించుచు, 1919లో సెయింటు ఆండ్రూసు పట్టణమున రోగములను తొలిదశయందే గుర్తించుటకై పరిశోధనాలయమును స్థాపించెను. 1925 జనవరి 26వ తేదీన పరమపదించెను. ఆయన కోరిక ననుసరించి వైద్యమిత్రులు ఆయన హృదయమును పరీక్షించిరి.

చేతగాని యొక దినమును మఱువక, దానినే జీవితకాలపు ప్రశ్నగా జేసికొనిన ఈ వైద్యుని మన విద్యార్థులు స్మరింతురుగాక.