వెజిహి హుర్‌కుష్: టర్కీ పిల్లలకు ఎగరడం నేర్పిన ఉస్తాద్

ఇస్తాంబుల్ వెళ్లొచ్చిన వాళ్లలో చాలామందికి సబీహా గోక్‌చెన్ పేరు తెలిసే ఉంటుంది. ఆసియా వైపున్న విమానాశ్రయానికి ఆ పేరే పెట్టారు. కానీ సబీహా ఇంకా బడిపిల్లగా ఉన్న రోజుల్లోనే సొంత చేతులతో విమానం కట్టి, సొంత ఖర్చుతో బడి పెట్టి, టర్కీ యువతీయువకులకు ఎగరడం నేర్పాలని తపించిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు వెజిహి హుర్‌కుష్. టర్కీ బయట ఆయన గురించి తెలిసినవాళ్లు తక్కువే.

1896 జనవరి 6న ఇస్తాంబుల్‌లో పుట్టాడు. మూడేళ్లకే తండ్రి చనిపోయాడు. చిన్నప్పటి నుంచీ పనిముట్లంటే ఇష్టం. మొదటి ప్రపంచ యుద్ధంలో విమాన మెకానిక్‌గా బాగ్దాద్ వైపు వెళ్లాడు. అక్కడ విమానం కూలి గాయపడ్డాడు. ఇంకొకరైతే ఆ పని వదిలేసేవారు. ఈయన మాత్రం ఇస్తాంబుల్ తిరిగొచ్చి ఈసారి పైలట్ శిక్షణలో చేరాడు.

1917లో కాకసస్ రంగంలో రష్యా విమానాన్ని కూల్చాడు. అదే ఏడాది ఆయన విమానమూ దెబ్బతిని నేలకు దిగింది. శత్రువు చేతికి చిక్కకూడదని దాన్ని తానే తగలబెట్టాడు. రష్యన్లు ఆయన్ని పట్టుకుని కాస్పియన్ సముద్రంలోని నార్గిన్ దీవిలో ఖైదు చేశారు. స్థానిక అజర్‌బైజానీల సాయంతో, ఈదుకుంటూ అక్కణ్ణించి తప్పించుకుని, ఇరాన్ మీదుగా ఇల్లు చేరాడు. తర్వాత టర్కీ స్వాతంత్ర్య యుద్ధంలోనూ విమానం నడిపి పతకం అందుకున్నాడు.

యుద్ధం ముగిశాక ఆయన్ని ఒకే ఆలోచన పట్టుకుంది. ఎంతకాలమని వేరే దేశాల నుంచి విమానాలు కొంటాం? మనవి మనమే ఎందుకు చేసుకోకూడదు? గ్రీకుల నుంచి యుద్ధంలో దొరికిన సామానుతో ఒక విమానం తయారుచేశాడు. దాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చేంత పరిజ్ఞానం ఉన్న అధికారి దేశంలో ఎవరూ లేరు. ఎదురుచూసి చూసి విసిగి, 1925 జనవరి 28న అనుమతి లేకుండానే ఎగిరాడు. విమానం చక్కగా లేచింది, చక్కగా దిగింది. కానీ దక్కింది బహుమతి కాదు, శిక్ష. ఆయన సైన్యానికి రాజీనామా చేశాడు.

1930లో ఇస్తాంబుల్‌లోని కదికొయ్‌లో ఒక కట్టెల దుకాణం అద్దెకు తీసుకుని ఇంకో విమానం కట్టాడు. మూడు నెలల్లో పూర్తయింది. సెప్టెంబర్ 27న జనం చూస్తుండగా ఎగిరింది. మళ్లీ అదే జవాబు: పరీక్షించేవాళ్లు లేరు, కాగితం ఇవ్వలేం. ఈసారి ఆయన గొడవ పడలేదు. విమానాన్ని విప్పదీసి రైలెక్కించి చెకోస్లొవేకియా తీసుకెళ్లాడు. అక్కడి నిపుణులు పరీక్షించి 1931 ఏప్రిల్‌లో సర్టిఫికెట్ ఇచ్చారు. అదే విమానంలో ఎగురుతూ స్వదేశానికి వచ్చాడు.

ఆ తర్వాతి ఏడాదే, 1932లో, సముద్రం పక్కన కలమిష్‌లో తన బడి తెరిచాడు. అది టర్కీలో మొట్టమొదటి పౌర విమాన శిక్షణ పాఠశాల. పన్నెండు మంది చేరారు. అందులో ఇద్దరు ఆడపిల్లలు. ఒకరు బెద్రియే తాహిర్. ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూనే విమానం నేర్చుకుని 1933లో టర్కీ తొలి మహిళా పైలట్ అయింది. ఇంకొకరు ఎరిబె, వెజిహి కుటుంబంలోని పిల్లే. ఊరి పిల్లల్ని గాల్లోకి పంపే ఉస్తాద్, తన ఇంటి పిల్లని ఇంట్లోనే దాచుకోలేదు.

బడి ఎక్కువకాలం నిలవలేదు. పెట్రోలు, ఇంజిన్లు, విడిభాగాలు అన్నీ ఖర్చే. సాయం అంతంత మాత్రం. 1934లో మూతపడింది. అదే ఏడాది ఇంటిపేర్ల చట్టం వచ్చింది. ఆయన హుర్‌కుష్ అనే పేరు ఎంచుకున్నాడు. అంటే స్వేచ్ఛా పక్షి.

1935లో టర్కీ విమానయాన సంఘం తుర్క్‌కుషు పేరుతో యువత కోసం శిక్షణ సంస్థ మొదలుపెట్టింది. అందులో వెజిహి ప్రధాన శిక్షకుల్లో ఒకడయ్యాడు. సబీహా గోక్‌చెన్ అక్కడ చేరిన తొలి ఆడపిల్ల.

ఆ కాలంలో పిల్లల్ని నేరుగా ఇంజిన్ విమానం ఎక్కించేవారు కాదు. ముందు గ్లైడర్. దానికి ఇంజిన్ ఉండదు, కాబట్టి పెట్రోలు ఖర్చూ ఉండదు. ప్రాథమిక గ్లైడర్‌కు ఒకటే సీటు, చుట్టూ గోడలు కూడా ఉండవు. పక్కన ఉస్తాద్ కూర్చునే వీలే లేదు. మొదట నేలమీదే గాలికి ఎదురుగా నిలిపి, రెక్కలు ఒరగకుండా పట్టుకోవడం నేర్పేవారు. తర్వాత తోటి విద్యార్థులు రబ్బరు తాడు లాగితే, అది గడ్డిమీద జారుతూ కొద్ది దూరం పోయేది. చేయి కుదిరాక కొంచెం ఎత్తుకు ఒక గెంతు. ఆపైన కొండవాలు మీంచి అసలు ప్రయాణం. ఎ, బి, సి అని మూడు మెట్లు. సి మెట్టు చేరేసరికి పిల్లవాడికి గాలి ఎక్కడ పైకి లేపుతుందో, ఎక్కడ కిందికి తోస్తుందో ఒంటికి తెలిసిపోయేది. అప్పుడే ఇంజిన్ విమానం.

ఈ పద్ధతిలో ఇంకో మేలూ ఉంది. ఒక్కడు ఎగరాలంటే పదిమంది తాడు లాగాలి. దిగాక గ్లైడర్‌ను మళ్లీ కొండ మీదికి మోయాలి. ధనవంతుడి కొడుకైనా, పేదవాడి కొడుకైనా మోత తప్పదు. అందుకే ఆ శిబిరాల్లో ఎగరడం కంటే ముందు కలిసి పనిచేయడం వచ్చేది.

1936లో కోలుకోలేని దెబ్బ తగిలింది. అంకారాలో పారాచూట్‌తో దూకిన ఎరిబె ప్రాణాలతో నేల చేరలేదు. పారాచూట్ సమయానికి తెరుచుకోలేదు. తాను చూపిన దారిలోనే ఇంటిపిల్ల పోతే ఏ పెద్దకైనా ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అయినా ఆయన ఆకాశాన్ని వదల్లేదు.

1937లో, నలభై దాటిన వయసులో, మళ్లీ విద్యార్థి అయ్యాడు. జర్మనీలోని వైమార్‌లో విమాన ఇంజినీరింగ్ చదివి 1939లో పట్టాతో వచ్చాడు. రెండేళ్లలో ఎవరూ ఇంజినీరు కాలేరంటూ అధికారులు ఆ పట్టాను ఒప్పుకోలేదు. అంతకుముందే ఎన్నో ఏళ్లుగా విమానాలు కడుతున్న మనిషికి ఆ మాట! కోర్టుకెక్కి తన హక్కు సాధించుకున్నాడు.

1954లో పాత విమానాలు కొని హుర్‌కుష్ ఎయిర్‌లైన్స్ పెట్టాడు. అదీ ఆటంకాల మధ్య ఆగిపోయింది. మిగిలింది అప్పులు. యాభై ఏళ్లకు పైగా విమానాలు నడిపి, వందకు పైగా రకాల విమానాల్లో ఎగిరిన ఆ మనిషి చివరి రోజులు డబ్బు ఇబ్బందుల్లోనే గడిచాయి. 1969 జూలై 16న అంకారాలో కన్నుమూశాడు.

2013లో టర్కీ సొంతంగా తయారుచేసిన శిక్షణ విమానం తొలిసారి గాల్లోకి లేచింది. కొత్త పైలట్లు చేయి కుదుర్చుకునేది అలాంటి విమానంలోనే. దానికి పెట్టిన పేరు హుర్‌కుష్. బతికుండగా ఒక సర్టిఫికెట్ కోసం విమానాన్ని రైల్లో మోసుకెళ్లిన ఉస్తాద్ పేరు, ఇప్పుడు ఆ దేశపు విమానం మీదే ఉంది.