కళాచరిత్రాచార్యులు ఆనంద కుమారస్వామి గారు

విద్యలలో వెంటనే ఫలమిచ్చునవి కొన్ని, కాలాంతరమున ఫలించునవి కొన్ని. వైద్యము, న్యాయశాస్త్రము, యంత్రవిద్య మొదటి తెగలోనివి. కళాచరిత్రము రెండవ తెగలోనిది. కావుననే మన యిండ్లలో పట్టపరీక్ష నిచ్చిన బాలుఁడో బాలికయో ఇఁక కళాచరిత్రమును చదివెద ననినచో, దానివలన జీవన మెట్లు గడచునని పెద్దలు శంకింతురు. ఆ శంక నిర్హేతుకమని మేమనము. అయినను, ఆ విద్యకే జీవితమును ధారపోసిన యొక మహాపురుషుని చరిత్రమును మన పోషకుల సన్నిధి నుంచుట యుచితమని తలంచుచున్నాము.

ఆనంద కుమారస్వామిగారు 1877 సం. ఆగస్టు 22 వ తేదీన సింహళమందలి కొలంబో నగరమున జన్మించిరి. తండ్రి సర్ ముత్తు కుమారస్వామిగారు ద్రావిడులు, న్యాయవాదులు. తల్లి ఎలిజబెత్ బీబీగారు ఆంగ్లేయ వనిత. 1879లో తండ్రి గతింపఁగా, బాలుఁడు తల్లి పోషణమున ఇంగ్లండునందే పెరిగెను. లండను యూనివర్సిటీ కాలేజీలో భూగర్భశాస్త్రమును వృక్షశాస్త్రమును చదివి 1900లో పట్టము నొందిరి. 1903 మొదలు 1906 వఱకు సింహళ ఖనిజపరిశోధనశాఖ కధ్యక్షులై యుండిరి. థోరియనైటు అను ఖనిజమును కనుఁగొనిన కీర్తియు వారిదే. 1906లో లండను విశ్వవిద్యాలయము వారికి డాక్టరు బిరుద మొసఁగెను.

ఇంతటి శాస్త్రజ్ఞుఁడు కళలవైపు మరలుటకు కారణము గ్రంథములు కావు, గ్రామములు. శిలలను పరీక్షించుటకై ఊరూర తిరుగుచు, తరతరములుగా వచ్చిన లోహపు పని, దంతపు పని, నేత, చిత్రలేఖనము ఆదరణము లేక నశించుచుండుట వారు కన్నులార చూచిరి. తత్ఫలితముగా 1908లో మధ్యయుగ సింహళ కళను గుఱించిన బృహద్గ్రంథము వెలువడెను. విలియం మారిస్‌గారి కెల్మ్‌స్కాట్ ముద్రణాలయమునకు చెందియుండిన చేతియంత్రముపై దానిని తామే దగ్గఱ నుండి ముద్రింపించిరి. ప్రతులు 425 మాత్రమే.

పిదప వారు భారతదేశమునకు వచ్చి, వంగదేశమున ఠాకూరుల కుటుంబముతో మైత్రి చేసి, దేశమంతయు తిరిగి చిత్రములను సేకరించిరి. 1916లో ప్రకటించిన గ్రంథమున, అంతకుముందు మొగలు చిత్రములతో కలగలిసియుండిన రాజపుత్ర చిత్రకళ ప్రత్యేక సంప్రదాయమని చూపి, దానిని రాజస్థానీ, పహాడీ యని రెండు శాఖలుగా విభజించిరి. వారు నిర్ణయించిన కాలములలో కొన్నింటిని తరువాతి పండితులు సవరించిరి. ఆ విభాగము మాత్రము నిలిచినది.

ఇచట మన పోషకులు మనసున నుంచుకొనవలసిన విషయ మొకటి కలదు. కాశీలో జాతీయ చిత్రశాలను నిర్మించినచో తమ సేకరణమంతయు దాని కిచ్చెదమని వారు ముందుకు వచ్చిరి. కావలసిన ధనము చేకూరలేదు. డెన్మన్ రాస్ అను అమెరికా దాత దానిని కొని 1917లో బోస్టను చిత్రశాలకు చేర్చెను. సేకరణముతోపాటు సేకర్తయు నచటికే పోయి, భారతీయ కళాశాఖకు రక్షకులైరి. ఇచ్చుటకు సిద్ధపడినవాఁడు ఉండియు, నిలుపుకొనఁగల చేయి లేకపోవుట చేత ఆ నిధి సముద్రము దాటినది.

బోస్టనులో వారు ముప్పది యేండ్లు పని చేసిరి. బుద్ధప్రతిమ యవనుల యనుకరణము కాదనియు, మథురలోని దేశీయ సంప్రదాయమునుండి పుట్టినదనియు వాదించిరి. 1927లో భారత, ఇండోనేషియా కళల చరిత్రమును రచించి, అందు మన అమరావతీ శిల్పమునకు గౌరవస్థాన మిచ్చిరి. నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లీకరించి 1917లో ప్రకటించినప్పుడు వారికి సహానువాదకుఁడు మన ఆంధ్రుఁడే. ఆయన యెవరో కాదు, అటుపై 1921లో చీరాల-పేరాల యుద్యమమును నడపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. ప్రాచీనమునే కాక నవీనమును సైతము కుమారస్వామిగా రాదరించిరి. ఫోటోగ్రాఫులు కళలా యని పలువురు సందేహించు దినములలో, స్టీగ్లిట్జ్‌గారి ఛాయాచిత్రములు ఇరువదియేడు 1924లో బోస్టను చిత్రశాలకు చేరుటకు వారే కారకులు.

భారతదేశము స్వతంత్రమైన కొలఁది దినములకే, స్వదేశమునకు మరలి శేషజీవితమును గడపవలెనను కోరిక తీరకయే, 1947 సెప్టెంబరు 9 వ తేదీన వారు పరమపదించిరి.

కుమారస్వామిగారి డాక్టరు పట్టము ఖనిజవిద్యకు సంబంధించినది. కళాచరిత్రమును క్రమముగా నేర్పు పీఠము వారి యౌవనమున మన దేశమున లేదు. వారు స్వయంకృషిచే దారిని త్రొక్కిరి. 1950లో బరోడా విశ్వవిద్యాలయమున లలితకళాశాఖ యేర్పడిన పిమ్మట ఆ దారి రాజమార్గమైనది. అయినను ఈ చదువునకు ఓర్పు కావలెను, భాషలు కావలెను, దూరప్రయాణములు కావలెను. వీని కన్నిటికిని ధనము కావలెను. అమరావతి శిలలు చెన్నపురిలోను లండనులోను ఉన్నవి. అల్పాయుష్కులైన దామెర్ల రామారావుగారి (1897–1925) చిత్రములు రాజమహేంద్రవరమున నున్నవి. వీనిని చూచి వివరింపఁగలవారు మన బిడ్డలలో నుండి రావలదా?

వైద్యవిద్యార్థులకును యంత్రవిద్యార్థులకును మన పోషకు లొసఁగు వేతనములను తగ్గింపుఁడని మేము కోరము. వానితోపాటు ప్రతివత్సరము ఒక్క వేతనమును కళాచరిత్రవిద్యార్థికి కేటాయింపుఁడని మాత్రము సవినయముగా ప్రార్థించుచున్నాము. కాశీలో నాఁడు కొఱఁతపడినది పాండిత్యము కాదు, దాతృత్వము. మన సభలో ఆ కొఱఁత లేకుండుఁ గాక!