లిండ్లీ మర్రే

ఆంగ్లవ్యాకరణము చేతబట్టినంతనే ముఖము చిన్నబుచ్చుకొను బాలురు మనలో పెక్కురు కలరు. అట్టి వ్యాకరణమును బాలికలకొఱకై కూర్చి, ఇంగ్లండునందును అమెరికాయందును దీర్ఘకాలము పాఠశాలలకు మార్గదర్శియైన లిండ్లీ మర్రే చరిత్రమును మే మిచట సంగ్రహముగా వ్రాయుచున్నారము.

మర్రే 1745 సంవత్సరమున అమెరికాలోని పెన్సిల్వేనియాలో జన్మించెను. తండ్రి వర్తకుడు, బిడ్డల శిక్షణమునందు కఠినుడు. ఒకప్పుడు తండ్రి దండింపగా బాలుడు అలిగి యిల్లు విడిచిపోయెను. అయితే పోయినది ఆటలకు గాదు. బర్లింగ్టను పట్టణములోని పాఠశాలకు. పిదప న్యాయశాస్త్ర మభ్యసించి న్యూయార్కున న్యాయవాది యయ్యెను. వర్తకమునను ధనము గడించెను.

ఇంతలో ఆయన దేహబలము క్షీణింప నారంభించెను. ఆరోగ్యము చక్కబడునను ఆశతో 1784లో భార్యయగు హన్నాతో ఇంగ్లండు చేరి, యార్కు నగరము చెంతనున్న హోల్గేటున నివాస మేర్పఱచుకొనెను. ఆశ ఫలింపలేదు. నానాటికి నడక దుర్లభమై, కడపటి సంవత్సరములు ఇల్లు వెడలజాలక గడపవలసివచ్చెను.

యార్కులోని యొక బాలికాపాఠశాల ఉపాధ్యాయినులు తమకు సులభమైన వ్యాకరణము కావలెనని కోరగా, ఆయన వ్రాసిన గ్రంథము 1795లో వెలువడెను. అంతయు తన సృష్టియని చెప్పుకొనక, లౌత్, ప్రీస్ట్లీ మొదలగు పూర్వులనుండి గ్రహించి కూర్చితినని ఆయన ఒప్పుకొనెను. గ్రంథములవలన వచ్చిన ధనమును ధర్మకార్యములకు వినియోగించెను.

మే, కెన్, మస్ట్ మొదలగు సహాయక్రియలను ఆయన ఒక ప్రత్యేకవర్గమున జేర్చి, కర్మణిప్రయోగమున వాని రూపములను వరుసగా జూపెను. హూ, విచ్ అను సంబంధసర్వనామములకును క్రియకును నడుమ వేఱొక కర్తృపదము లేనిచో, ఆ సర్వనామమే క్రియకు కర్తృపదమగునని సూత్రము చెప్పెను. ఈ రెండు విషయములు కలిసినచోటనే మన విద్యార్థులు తొట్రుపడుదురు. నేర్వవలసిన పాఠము అని మనము రెండు మాటలలో ముగింతుము. మన భాషలో దీనికి సంబంధసర్వనామ మక్కఱలేదు, కర్మణిప్రయోగమును అరుదు. ఆంగ్లముననో, ది లెసన్ విచ్ మస్ట్ బి లెర్న్డ్ అనవలెను. నడుమ బి విడిచినను తప్పే. కడపట ఇట్ చేర్చినను తప్పే. విచ్ కర్తృస్థానమున నిలిచియుండగా ఇట్ అనుదానికి చోటెక్కడిది?

మర్రే 1826లో పరమపదించెను. తరువాతి పండితులు ఆయన ఆంగ్లమును లాటిను మూసలో పోసెనని తప్పుపట్టిరి. నేటి వ్యాకర్తలు ఆ సహాయక్రియలను మోడల్ క్రియలని వేఱుపేరున బిలుచుచున్నారు. అయినను బి అను చిన్న క్రియ చోటు మాత్రము మాఱలేదు.

ప్రియవిద్యార్థులారా, ఇల్లు వెడలజాలని యా మనుష్యుని గ్రంథము సముద్రములు దాటినది. తనకు సాధ్యము కానిదానికై వగచుచు కూర్చుండక, సాధ్యమైనదానిని తప్పక చేయవలసినదిగా నెంచుటయే దీనికి గారణము. వ్యాకరణము కష్టమని పుస్తకము మూయబోవునప్పుడు, హోల్గేటులోని యా కుర్చీని ఒక్కసారి స్మరింపుడు.