ఎడ్వర్డ్ వింపర్

ఎడ్వర్డ్ వింపర్ 1840లో లండను నగరమున జన్మించెను. కొయ్యపై బొమ్మలు చెక్కుట ఆతని వృత్తి. 1860లో చిత్రములు గీయుటకై ఆల్ప్స్ పర్వతములకు పోయి, వానికి వశుడయ్యెను. అందు 4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరమును అప్పటి కెవ్వరును ఎక్కియుండలేదు. వింపర్ పలుమారులు విఫలుడయ్యెను. 1862లో జారిపడి తలకు గాయములైనను పట్టు విడువలేదు.

తుదకు 1865 జూలై 14న ఆరుగురితో గూడి శిఖరమును చేరెను. ఒక గంటకాలము వారి యానందమునకు మేర లేకుండెను. దిగునపుడు అనుభవము చాలని హాడో కాలు జారి, ముందున్న మార్గదర్శిపై బడెను. ఎల్లరును ఒకే వరుసలో త్రాళ్లతో కట్టుకొనియుండుటచే మరి యిద్దరును ఈడ్వబడిరి. వెనుకనున్న వింపరు మొదలగు మువ్వురు బండను పట్టి నిలిచిరి. నడుమ త్రాడు తెగెను. గట్టి త్రాళ్లు వెంట నుండియు అచ్చట బలహీనమైన త్రాడు కట్టుట యెంతటి పొరపాటు! నలుగురును మరణించిరి.

వింపర్ 1911లో ఆల్ప్స్ లోయయందలి షామొనీలో కన్నుమూసెను. తెగిన త్రాటి ముక్క జెర్మాట్ ప్రదర్శనశాలలో నేటికిని కలదు.